బతికున్నట్టు రుజువుకు ఫారం 6: ఓటరు సేవలపై ఒక ప్రూఫ్‌రీడరు సమీక్ష

ముందు మార్కులు చెప్పేస్తాను. తీరిక లేనివారు అక్కడితో ఆపేయవచ్చు. చట్టానికి ఐదుకు నాలుగున్నర. మా బూత్ స్థాయి అధికారికి నాలుగు. 1950 అనే హెల్ప్‌లైను ఫోనుకు మూడున్నర. వెబ్‌సైటుకు మూడు. నేను పలుమార్లు వెళ్లిన కౌంటర్‌కు ఒకటి, అది కూడా అక్కడి ఫ్యాను బాగా తిరిగినందుకు. ఆ కౌంటర్ హైదరాబాదు నగరంలో ఎక్కడుందో, ఏ నియోజకవర్గానిదో రాయను. అక్కడ కూర్చున్న మనిషి మారిపోయి ఉంటాడు, కుర్చీ మాత్రం అన్నిచోట్లా ఒకటే.

నేను ముప్పై ఒక్క ఏళ్లు ప్రూఫులు దిద్దాను. సీసం అక్షరాలు పేర్చే రోజుల్లో మొదలుపెట్టి, కంప్యూటర్ తెరమీద దిద్దే రోజుల్లో విరమించాను. తలకట్టు ఎగిరిపోయినా, దీర్ఘం జారినా పేజీలో మిగతాదేదీ కనబడని జబ్బు నాది. పెళ్లి శుభలేఖ ఇస్తే ముహూర్తం కంటే ముందు అచ్చుతప్పులు చూస్తాను. అందుకే చుట్టాలు ఇప్పుడు వాట్సాప్‌లో నోటిమాటగా పిలుస్తున్నారు.

మా వారు 2024 ఫిబ్రవరిలో పోయారు. ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో లెక్కల మాస్టారు. సర్వీసులో ఉన్నన్నాళ్లూ ఎన్నికల డ్యూటీ తప్పించుకోని మనిషి. ఆ ఏడాది మే 13న లోక్‌సభ పోలింగ్. పోలింగ్ కేంద్రం మా వీధి అవతలి బడిలోనే. ఓటేయడానికి నేనొక్కదాన్నే వెళ్లడం అదే మొదటిసారి. పోలింగ్ అధికారి ముందున్న ఫోటోల జాబితాలో మా ఇద్దరివీ పక్కపక్క గడులు. ఆయన మీసం ఇంకా నల్లగా ఉంది. ఆ కుర్రాడు నా పేరు కింద గీత గీసి, మర్యాదగానే, "సార్ తర్వాత వస్తారా మేడం?" అని అడిగాడు. "రారు" అన్నాను. పక్కన కూర్చున్న ఏజెంటు మా వీధివాడే. తల దించుకున్నాడు.

పోయినవాళ్ల పేరు జాబితాలో ఉంటే ఎవరో ఒకరు ఆ పేరుతో లేచి వస్తారని మా వారు అంటూ ఉండేవారు. ఆయన పేరుతో అలా ఎవరూ లేచి రాకూడదని జూన్‌లో ఫారం 7 నింపాను. పేరు తొలగించమనడానికైనా, ఫలానావారి పేరు జాబితాలో ఉండకూడదని అభ్యంతరం చెప్పడానికైనా అదే ఫారం. కారణాల్లో మొదటిది మరణం. మరణ ధ్రువపత్రం నకలు జతచేశాను. ఆన్‌లైన్‌లో కూడా పంపవచ్చునని మా మేనల్లుడు చెప్పాడు. నాకు కాగితం మీదే నమ్మకం. ఇక్కడే తప్పు చేశానని తరువాత తెలిసింది.

ఫారం 7లో ఓటరు కార్డు నంబర్లు రెండు చోట్ల రాయాలి. ఒకటి దరఖాస్తు పెడుతున్నవారిది, రెండోది తీసేయాల్సినవారిది. నేను రెండూ సరిగ్గానే, ఒక్కో గడిలో ఒక్కో అక్షరం పడేలా, బాల్‌పెన్నుతో రాశాను. కౌంటర్‌లోని వ్యక్తి ఫారం తీసుకుని, మడిచి, మరో కట్ట కింద పెట్టాడు. రసీదు అడిగితే, "అవసరం లేదు మేడం, మెసేజ్ వస్తుంది" అన్నాడు. నేను కదల్లేదు. వెనక క్యూలో ఎవరో దగ్గారు. చివరికి రసీదు చింపి ఇచ్చాడు. ఆ చిన్న ముక్కే తరువాత నన్ను బతికించింది, అక్షరాలా.

అక్టోబరు చివర్లో ముసాయిదా జాబితా వచ్చింది. ఆయన పేరు తీశారో లేదో చూద్దామని వెబ్‌సైటు తెరిచాను. వెతకడానికి మూడు దారులున్నాయి: వివరాలతో, కార్డు నంబరుతో, ఫోను నంబరుతో. మూడింటికీ ముందు ఒక వంకరటింకర అక్షరాల పటం వస్తుంది, దాన్ని చూసి టైపు చేయాలి. ముప్పై ఏళ్లు చెదిరిన అచ్చు చదివిన నన్ను అది మూడుసార్లు ఓడించింది. నాలుగోసారి లోపలికి వెళ్లాను. ఆయన నంబరు కొడితే ఆయన వివరాలన్నీ భద్రంగా వచ్చాయి. సరే, పని ఇంకా కాలేదనుకున్నాను. ఊరికే, అలవాటుకొద్దీ, నా నంబరు కూడా కొట్టాను. ఫలితం లేదని వచ్చింది. అంకె తప్పు కొట్టానేమోనని కార్డు చూసి మళ్లీ కొట్టాను. లేదు. పేరుతో, నియోజకవర్గంతో వెతికాను. లేదు.

అప్పుడు మా పోలింగ్ కేంద్రం జాబితా మొత్తం దించుకున్నాను. పేరు, ఇంటి నంబరు ఎవరైనా చూసుకునేలా జాబితాను బహిరంగంగా ఉంచడం మెచ్చుకోవాల్సిన సంగతే. కానీ ఆ ఫైలులో వెతుకుడు పనిచేయదు. అది అక్షరాల ఫైలు కాదు, పేజీల బొమ్మ. ఇది పొరపాటు కాదు, విధానం. అక్షరరూపంలో ఇవ్వాలని 2018లో కాంగ్రెస్ నేత కమల్‌నాథ్ సుప్రీంకోర్టుకు వెళితే, అలా ఇవ్వాలని ఎన్నికల సంఘాన్ని ఆదేశించలేమని, కావలసినవారు సొంత శ్రమతో మార్చుకోవచ్చని కోర్టు చెప్పింది. ఓటర్ల సమాచారాన్ని ఎవరూ గంపగుత్తగా తోడుకోకూడదన్నది సంఘం వాదన. అందులో అర్థముంది. కానీ గంపగుత్తగా తోడేవాడికి బొమ్మను అక్షరాలుగా మార్చే యంత్రముంటుంది. తన పేరు వెతుక్కునే ముసలావిడకే ఉండదు. సొంత శ్రమ అన్నారు కనుక భూతద్దం పట్టుకుని కూర్చున్నాను.

పేజీకి 30 గడులు, ముఖపత్రం కాక 37 పేజీలు. ఒక్కో గడిలో వరుస సంఖ్య, కార్డు నంబరు, పేరు, తండ్రి లేదా భర్త పేరు, ఇంటి నంబరు, వయసు, లింగం. ఆన్‌లైన్ ప్రతిలో ఫోటో ఉండదు, ఫోటో ఉందన్న మాట మాత్రం ఉంటుంది. ముద్రారాక్షసాల విషయానికొస్తే, నా వృత్తి జీవితంలో ఇంతమందిని ఒకేచోట కలవలేదు. మా వీధి పద్మలు నలుగురిలో ఇద్దరు "పడ్మ" అయ్యారు. ఒక సీత "సిత". పైఅంతస్తు ఆయనకు భార్య తండ్రిగా నమోదయ్యింది. ఇవన్నీ బూత్ అధికారులు రాసిన తప్పులని తిట్టుకునేవాళ్లను చూశాను. నిజానికి చాలావరకు యంత్రం తప్పులు. పేరు ఇంగ్లీషులో కొడితే పక్క గడిలో తెలుగు దానంతటదే పడుతుంది. ఇంగ్లీషు 'డి'కి ద, డ రెండూ సరిపోతాయి కదా, యంత్రం తనకు తోచింది వేస్తుంది. ఆ తెలుగు గడిని మనం దిద్దుకోవచ్చు, కానీ అది దిద్దుకోదగ్గ గడి అని ఎవరూ చెప్పరు. మీరు ఆన్‌లైన్‌లో నింపుతుంటే ఆ గడి దగ్గర ఒక్క నిమిషం ఆగండి. ఈ సమీక్షలో ఇంకేమీ పనికిరాకపోయినా ఇది పనికొస్తుంది.

పదిహేనో పేజీలో మేమిద్దరం దొరికాం. ఆయన గడి శుభ్రంగా ఉంది. నా గడి మీద ఏటవాలుగా, నీరు కారిన రంగులో, తొలగించినట్టు ముద్ర. చివరి పేజీల్లో అనుబంధముంటుంది, అందులో తొలగింపుల జాబితా. ప్రతి పేరు ముందూ ఒక ఇంగ్లీషు అక్షరం. ఇల్లు మారినవాళ్లకు 'ఎస్', రెండుచోట్ల నమోదైనవాళ్లకు 'ఆర్', చనిపోయినవాళ్లకు 'ఈ'. నా పేరు ముందు 'ఈ' ఉంది.

ఏడుపు రాలేదు. అచ్చుకు వెళ్లిపోయిన పేజీలో తప్పు కనిపెట్టినప్పుడు ఒళ్లంతా చల్లబడుతుంది చూడండి, అలా అయింది.

మర్నాడు కోఠి వెళ్లే బస్సెక్కాను. కండక్టరు ఆధార్ చూసి జీరో టికెట్ చింపి ఇచ్చింది. ఆర్టీసీ లెక్కల్లో నేను బతికే ఉన్నాను. కుటుంబ పింఛను నెలనెలా పడుతోంది కనుక ఖజానా వాళ్ల లెక్కల్లోనూ ఉన్నాను. ఎన్నికల జాబితాలో మాత్రం మా వారు బతికి, నేను పోయాను. కోఠిలో పాత పుస్తకాల దుకాణాలు వెతికి, ప్రజాప్రాతినిధ్య చట్టం 1950, ఓటర్ల నమోదు నియమాలు 1960 ఉన్న ఒక ఇంగ్లీషు పుస్తకం కొన్నాను. అట్ట చిరిగింది, లోపల ఎవరో లా విద్యార్థి పెన్సిలు గీతలు. చాయ్ తాగుతూ అక్కడే మొదలుపెట్టాను.

చట్టానికి నాలుగున్నర ఎందుకిచ్చానో చెప్పాలి. వాక్యాలు పొడుగ్గా ఉంటాయి కానీ బాధ్యత ఎవరిదో దాచవు. రాష్ట్రానికి ప్రధాన ఎన్నికల అధికారి, జిల్లాకు జిల్లా ఎన్నికల అధికారి, నియోజకవర్గానికి ఓటర్ల నమోదు అధికారి. జాబితా తయారుచేయడం, సవరించడం ఈ నమోదు అధికారి పని. చేర్చాలన్నా, తీయాలన్నా, దిద్దాలన్నా ఆయనే ఆదేశమివ్వాలి. ఆ ఆదేశం నచ్చకపోతే 15 రోజుల్లో జిల్లా మేజిస్ట్రేటుకు అప్పీలు, అక్కడా నచ్చకపోతే ప్రధాన ఎన్నికల అధికారికి రెండో అప్పీలు. జాబితా పనిలో ఉన్న అధికారి తగిన కారణం లేకుండా విధి తప్పితే 32వ సెక్షను కింద మూడు నెలలకు తగ్గకుండా రెండేళ్ల వరకు జైలు, జరిమానా. చదివి మా మేనల్లుడు ఎగిరి గంతేశాడు, "కేసు పెడదాం అత్తా" అని. కింది ఉపసెక్షను చదివి వినిపించాను. ఎన్నికల సంఘమో, ప్రధాన ఎన్నికల అధికారో అనుమతించి ఫిర్యాదు చేయిస్తే తప్ప కోర్టు దాన్ని విచారణకు తీసుకోదు. తలుపుంది, తాళంచెవి వాళ్ల దగ్గరే ఉంది. అయినా ఒక నంబరు తప్పు కొట్టిన పిల్లవాడిని జైలుకు పంపాలని నాకూ లేదు. తప్పులు దొర్లినందుకు జైలుకు పంపితే ప్రూఫ్‌రీడర్లందరం చర్లపల్లిలోనే రిటైరయ్యేవాళ్లం.

అర మార్కు కోత 22వ సెక్షను దగ్గర పడింది. తొలగింపుల గురించి చెప్పే సెక్షను అది. ఒక మనిషి ఆ ప్రాంతంలో నివసించడం లేదని పేరు తీయాలనుకుంటే, లేదా మరే కారణం చేతనైనా ఓటరుగా ఉండే అర్హత లేదనుకుంటే, ముందుగా ఆ మనిషిని పిలిచి తన మాట చెప్పుకునే అవకాశమివ్వాలని షరతు ఉంది. చిన్న దిద్దుబాటుకు కూడా ఆ షరతు వర్తిస్తుంది. వర్తించనిది ఒక్క మరణానికే. చనిపోయినవారికి నోటీసు పంపి ఏం అడుగుతారు? ఆ తర్కంలో లోపమేమీ లేదు. కాకపోతే, బతికున్న మనిషిని పొరపాటున పోయినట్టు రాస్తే, ఆ ఒక్క పొరపాటు గురించి మాత్రం చట్టం ఎవరినీ ఏమీ అడగమనడం లేదు. ఇల్లు మారావని రాసి ఉంటే నాకు కాగితమొచ్చేది. పోయావని రాశారు కనుక రాలేదు. ఆ పేజీ అంచున పెన్సిలుతో ప్రశ్నార్థకం పెట్టాను. దిద్దేవాళ్లు సందేహాన్ని రచయితకు తిప్పి పంపే గుర్తు అది.

ఇంటికొచ్చి 1950కి ఫోను చేశాను. నాలుగు నిమిషాల సంగీతం తరువాత ఒక అమ్మాయి మాట్లాడింది. "ఎవరి గురించి మేడం?" అంది. "నా గురించేనమ్మా, నేను చనిపోయాను" అన్నాను. కాసేపు మాటలేదు. తరువాత ఆ పిల్ల చాలా ఓపికగా వివరాలు రాసుకుని, ఫిర్యాదు సంఖ్య ఇచ్చి, పేరు మళ్లీ చేర్చుకోవడానికి ఫారం 6 పెట్టుకోమని చెప్పింది. తొలగింపు ఎందుకు జరిగిందో మాత్రం తన తెరమీద కనబడదంది. కనబడనిది కనబడదని చెప్పడం కూడా సేవే. మూడున్నర అందుకే.

ఎందుకు జరిగిందో నాకు తెలియాలి. మూలప్రతి చూడకుండా తప్పు ఎవరిదో తేల్చకూడదన్నది మా వృత్తిలో మొదటి పాఠం. నియమాల్లో 33వది నాకు దొరికిన బంగారం. క్లెయిములు, అభ్యంతరాలు, వాటి మీద తీసుకున్న నిర్ణయాల కాగితాలను ఎవరైనా చూడవచ్చు, నిర్ణయించిన రుసుము కట్టి ధ్రువీకరించిన నకళ్లు తీసుకోవచ్చు. సమాచార హక్కు చట్టం 2005లో వచ్చింది. ఈ నియమం 1960 నాటిది. అంతకాలంగా అక్కడే, ఎవరూ తీయని సొరుగులా ఉంది.

తెల్లకాగితం మీద తెలుగులో దరఖాస్తు రాసి కౌంటర్‌కు తీసుకెళ్లాను. "ఇలాంటిది ఇవ్వం మేడం" అన్నాడు. పుస్తకం తెరిచి చూపించాను. చదివాడు. "ఇది పాత పుస్తకం" అన్నాడు. అట్ట పాతది, నియమం పాతబడలేదని చెప్పాను. లోపల ఎవరినో అడిగి వస్తానని వెళ్లి ఇరవై నిమిషాలకు తిరిగొచ్చి, రేపు రమ్మన్నాడు. రేపు వెళితే ఎల్లుండన్నాడు. మూడోసారి జూన్ నాటి రసీదు బల్లమీద పెట్టి, నేను ఎదుట కూర్చుని ఉండగానే నేను చనిపోయానని ఆ కార్యాలయం రాసిందని కాస్త గట్టిగా అన్నాను. క్యూలో ఉన్నవాళ్లందరూ నన్ను చూశారు. ఒక పెద్దాయన, "అమ్మా, కూర్చోండి" అని తన కుర్చీ ఇచ్చాడు. లోపలి గదిలోంచి పైఅధికారి ఒకావిడ వచ్చి నన్ను తీసుకెళ్లింది. ఫైలు దొరకడానికి ఐదు నిమిషాలు పట్టింది.

ఫారం నేను రాసినట్టే ఉంది. అడుగున సంతకం, జతచేసిన మరణ ధ్రువపత్రం, దాని మీద ఆయన పేరు. క్షేత్ర పరిశీలన కాగితం మీదా ఆయన పేరే. కంప్యూటర్లో ఎక్కించిన చోట మాత్రం, తొలగించాల్సినవారి కార్డు నంబరు ఉండాల్సిన గడిలో దరఖాస్తుదారు నంబరు పడింది. పైగడిలోది కిందగడిలోకి దిగింది. మా భాషలో దీన్ని పంక్తి జారడం అంటారు. దిద్దేవాళ్లకు ప్రూఫు చూపించి ఉంటే అక్కడే దొరికేది. ఇక్కడ ప్రూఫు చూడాల్సిన మనిషి చనిపోయినట్టు లెక్క కదా, ఎవరికి చూపిస్తారు? ఆ అధికారి ఆ రెండు గడులనూ మార్చి మార్చి చూసింది. "క్షమించండి" అంది. ఆ మాటకే కౌంటర్‌కు ఇచ్చిన సున్నా ఒకటయ్యింది. ఫ్యాను సంగతి సరదాకు అన్నాను.

అప్పీలుకు గడువు 15 రోజులు, ఆదేశం ఎప్పుడు వచ్చిందో నాకు తెలిసే వీలే లేదు. ఆలస్యాన్ని మన్నించమని అడగవచ్చుగానీ, ముసాయిదా మీద క్లెయిములు తీసుకునే రోజులే కనుక ఫారం 6 దగ్గరి దారి అంది ఆవిడ. ఫారం 6 పైన ఏముందో తెలుసా? కొత్త ఓటర్ల దరఖాస్తు అని. అరవై మూడేళ్లకు కొత్త ఓటరునయ్యాను. నా ముందు నిలబడిన ఇంటర్ పిల్లలు నన్ను అమ్మమ్మ తోడొచ్చిందనుకున్నారు. ఇప్పుడు పద్దెనిమిది నిండడానికి ఏటా నాలుగు తేదీలు లెక్కలోకి తీసుకుంటారు: జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు ఒకటో తేదీలు. 2022 ఆగస్టు నుంచి ఆ మార్పు. అంతకుముందు జనవరి 1 ఒక్కటే. జనవరి 2న పుట్టినవాళ్లు ఏడాది ఆగాల్సి వచ్చేది. ఆ పిల్లలకు ఈ సంగతి చెబితే, "మాకు తెలుసు ఆంటీ" అన్నారు.

ఆ ఫారంలో ఒకచోట చేయి ఆగిపోయింది. ఇప్పటికే జాబితాలో ఉన్న, ప్రస్తుతం మీతో కలిసి ఉంటున్న కుటుంబ సభ్యుల వివరాలు రాయమని ఉంది. పేరు, బంధుత్వం, కార్డు నంబరు. మా ఇంటి నంబరు మీద జాబితాలో ఉన్న ఒకే ఒక్క మనిషి మా వారు. ఆయన పేరు, బంధుత్వం భర్త, కార్డు నంబరు, అన్నీ నాకు కంఠతా వచ్చు. కంప్యూటర్ ఏమీ అడ్డుచెప్పేది కాదు కూడా. కానీ తెలిసి అబద్ధపు ప్రకటన చేస్తే 31వ సెక్షను కింద ఏడాది దాకా జైలని ముందురోజే చదివాను. అడ్డంగీత గీసి వదిలేశాను. ఆయన కోసం మళ్లీ ఒక ఫారం 7 కూడా అదేరోజు పెట్టాను. ఈసారి ఆన్‌లైన్‌లో, మేనల్లుడు పక్కన కూర్చోగా, రెండు నంబర్లూ మూడుసార్లు పైకి చదివి.

పది రోజులకు మా బూత్ స్థాయి అధికారి ఇంటికొచ్చింది. అంగన్‌వాడీ టీచరు. సంచిలో మా ఫారాలు, పోలియో చుక్కల పట్టిక, పోషకాహారం రిజిస్టరు. తలుపు తీయగానే, "అమ్మా, మీరే కదా?" అంది. "నేనేనమ్మా. తాకి చూసుకో" అన్నాను. నవ్వింది గానీ ఆ నవ్వులో సిగ్గు ఉంది. తను జూన్‌లో మా వీధికొచ్చి అడిగి, మాస్టారు పోయినట్టే రాసింది. అది నేను ఫైలులో చూశాను కనుక ఆ మాటే చెప్పాను. ఆవిడ భుజాలు దిగాయి. మంచినీళ్లు తాగి, ఫోనులో నా ఫోటో తీసి, పక్కింటివాళ్లను అడిగి, వెళుతూ వెళుతూ, పక్కవీధిలో ఇంకా నలభై ఇళ్లున్నాయంది. అప్పట్లో ఈ పనికి ఏడాదికి ఇచ్చేది 6,000 రూపాయలు. ఏడాదికి, నెలకు కాదు. 2025 ఆగస్టులో దాన్ని 12,000 చేశారు. రెట్టింపు చేశాక కూడా నెలకు వెయ్యి. ఆవిడకు నాలుగు మార్కులిచ్చాను. ఐదోది ఆవిడది కాదు, ఆవిడకు ఇంత పని అప్పజెప్పినవాళ్లది, అందుకే కోసేశాను.

ఇదంతా నా ఒక్కదాని గొడవ అనుకోవద్దు. 2018 డిసెంబరు 7న అసెంబ్లీ పోలింగ్ రోజు మన తెలంగాణలో ఎంతమంది బూత్ దాకా వెళ్లి పేరు లేక తిరిగొచ్చారో మీకు గుర్తుండే ఉంటుంది. బ్యాడ్మింటన్ క్రీడాకారిణి గుత్తా జ్వాల పేరు కూడా ఆరోజు గల్లంతే. అప్పటి ప్రధాన ఎన్నికల అధికారి రజత్ కుమార్ బహిరంగంగా క్షమాపణ చెప్పారు. క్షమాపణ తరువాత మర్నాటి పేపరులో సవరణ వేస్తాం మేము. పోలింగ్ రోజుకు మర్నాడు ఉండదు.

అందుకే 2025 ఆగస్టు 14న బీహార్ ఓటర్ల జాబితా విషయంలో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఆదేశం చదివినప్పుడు, పేపరు పక్కనపెట్టి ఈ సమీక్ష మొదలుపెట్టాను. అక్కడ ముసాయిదాలో కనబడని దాదాపు 65 లక్షల మంది పేర్లను, తీసేసిన కారణాలతో సహా ప్రచురించాలని, కార్డు నంబరు కొడితే దొరికేలా ఉంచాలని కోర్టు చెప్పింది. కారణంతో సహా అన్నది చూడండి. మా పుస్తకంలో నేను పెట్టిన ప్రశ్నార్థకానికి సగం జవాబు అది. నా నంబరు కొట్టినప్పుడు ఫలితం లేదని కాక, మరణించినట్టు నమోదయ్యిందని వచ్చి ఉంటే, పదిహేనో పేజీ దాకా భూతద్దంతో పాకే పని తప్పేది. వెబ్‌సైటుకు కోసిన రెండు మార్కుల్లో ఒకటి దానికి. రెండోది ఆ వంకరటింకర అక్షరాలకు.

కార్పొరేషన్ ఓటు వేరే కదా, అదైనా ఉండి ఉంటుందిలే అని మా తోడికోడలు ఓదార్చింది. ఈ భ్రమ చాలామందికి ఉంది. నగర ఎన్నికలు 1955 నాటి రాష్ట్ర చట్టం కింద, రాష్ట్ర ఎన్నికల సంఘం జరుపుతుంది. కేంద్ర ఎన్నికల సంఘానికి దానితో పనిలేదు. 2020 డిసెంబరు 1న 150 డివిజన్లకు పోలింగ్ జరిగినప్పుడు యంత్రాలు కాదు, బ్యాలెట్ కాగితాలు వాడారు. మా వారు ఆ కాగితం మడత ఎలా పెట్టాలో ఇంట్లోనే పాఠం చెప్పి తీసుకెళ్లారు. సంఘాలు రెండైనా మూలప్రతి ఒకటే. అసెంబ్లీ జాబితానే డివిజన్లవారీగా విడగొట్టి వాడతారు. అక్కడ పోతే ఇక్కడా పోయినట్టే.

2025 జనవరి 6న తుది జాబితా వచ్చింది. ఈసారి చివరి పేజీల నుంచి మొదలుపెట్టాను. అనుబంధంలో ముందు చేర్పులు, తరువాత తొలగింపులు. చేర్పుల్లో కింది నుంచి మూడో గడిలో నేను, ఫోటో ఉందన్న ముద్రతో. పేజీ తిప్పితే తొలగింపుల్లో ఆయన, ముందు 'ఈ' అక్షరంతో. మేనల్లుడు ప్రింటు తీసిన కాగితానికి రెండువైపులా అచ్చు పడింది. ముందువైపు నేను, వెనకవైపు ఆయన. దీపం ముందు పెట్టి చూస్తే ఒకరి గడిలోంచి మరొకరి అక్షరాలు లీలగా కనబడతాయి. పెట్టి చూశాను.

కార్డు ఫిబ్రవరిలో స్పీడ్ పోస్టులో వచ్చింది. ఆ తరువాత జూన్‌లో, జాబితాలో మార్పు జరిగిన 15 రోజుల్లోనే కార్డు చేర్చుతామని, ప్రతి దశలో మెసేజ్ పంపుతామని ఎన్నికల సంఘం ప్రకటించింది. నాది అంతకుముందటి బండి కనుక దాని గురించి మార్కులు వేయను. ఈమధ్య కార్డు వచ్చినవాళ్లు ఎన్ని రోజులు పట్టిందో కింద రాయండి.

కార్డులో పేరు సరిగ్గా ఉంది. భర్త పేరు సరిగ్గా ఉంది, తలకట్టులతో సహా. ఇంటి నంబరులో మాత్రం ఏటవాలు గీత ఉండాల్సిన చోట అడ్డగీత పడింది. హైదరాబాదులో ఇంటి నంబరు చదవడం తెలిసినవాళ్లకు ఆ తేడా ఏమిటో చెప్పక్కరలేదు. ఏటవాలు గీతైతే మా వాటా, అడ్డగీతైతే రెండు సందుల అవతల కోళ్లఫారం. చూసీచూడనట్టు ఊరుకుందామని నెల రోజులు ప్రయత్నించాను. మార్చిలో దిద్దుబాట్లకు పెట్టే ఫారం 8 నింపి తీసుకెళ్లాను.

కౌంటర్‌లో అదే వ్యక్తి. ఫారం చూశాడు, నన్ను చూశాడు, దిద్దమన్న గీతను చూశాడు. నేను నోరు తెరిచేలోపే రసీదు పుస్తకం ముందుకు లాక్కున్నాడు.